బోన్సాయ్ అంటుకు మేకా, స్క్రూనా?

“ఇనుప మేకు కొడితే మొక్కకు విషం ఎక్కదా?” బోన్సాయ్ పెంచే మిత్రులు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. కొమ్మ లేని చోట కొమ్మ కావాలంటే, అదే మొక్క పొడవాటి రెమ్మను కోయకుండా వంచి, కాండంలో చెక్కిన గాడిలో కూర్చోబెట్టి అంటు కడతాం. ఆ రెమ్మ కదలకుండా ఏ లోహంతో బిగించాలన్నదే అందరి సందేహం. నన్నడిగితే, లోహం కన్నా ముందు ఆలోచించాల్సింది అంటు అతికాక దాన్ని బయటికి ఎలా తీస్తామన్నది.

ఇనుము విషం కాదు. తుప్పు పడుతుంది, చుట్టూ ఉన్న కలపను నల్లబరుస్తుంది, అంతే. పచ్చి అరటికాయ కోసిన ఇనుప కత్తి నల్లబడడం చూశారు కదా, ఇదీ అలాంటిదే. వగరునిచ్చే టానిన్లు దండిగా ఉండే తుమ్మలో మరక ఇంకా గాఢంగా దిగుతుంది. అంటు అతకడానికి అది అడ్డు కాదు, చూడడానికే బాగుండదు. జింకు పూత మేకులు ఒక్క సీజనుకు సరిపోతాయి.

రాగి మేకు కొడితే చెట్టు చచ్చిపోతుందన్న మాట పెద్ద చెట్ల విషయంలో ఉత్తదే. అయినా పెన్సిలంత రెమ్మలో మాత్రం నేను వాడను. తెగుళ్లకు చల్లే బోర్డో మిశ్రమంలో శిలీంధ్రాలను చంపేది రాగే. లేత కణాలకూ అది మంచిది కాదు. జునిపర్ బోన్సాయ్‌లకు కొమ్మలు వంచడానికి రాగి తీగ చుడుతున్నారు కదా అంటారు. ఆ తీగ బెరడు పైన ఉంటుంది, ఈ మేకు పచ్చి గాయంలో దిగుతుంది. ఇత్తడిలోనూ సగానికి పైగా రాగే. పైగా అది మెత్తన, ఇత్తడి స్క్రూను గట్టి కలపలో తిప్పుతుంటే తల విరిగి చేతిలోకి వస్తుంది.

ఇక మేకుకూ స్క్రూకూ మధ్య తేడా. మూడేళ్ల కిందట నా ఫైకస్‌కు (మర్రి, రావి జాతి మొక్క) సన్న మేకులతో అంటు కట్టాను. నాలుగు నెలలకు చక్కగా అతికింది. మేకును పటకారుతో పట్టి లాగితే, దాంతోపాటు అతుకు అంచు కూడా లేచి వచ్చింది. పాలు కారుతుంటే చూస్తూ కూర్చున్నాను. స్క్రూ అయితే వచ్చిన దారినే తిరిగి వెళుతుంది. అంతకన్నా ముఖ్యంగా, వానాకాలంలో కాండం లావెక్కి రెమ్మను నొక్కుతుంటే స్క్రూను పావు చుట్టు వదులు చేయవచ్చు. మేకుతో ఆ వీలు లేదు.

అందుకే ఈసారి 12 మి.మీ. స్టెయిన్‌లెస్ స్క్రూలు తెచ్చాను. కొట్టులో స్టీలు అని చెప్పి నికెల్ పూతవి అంటగడతారు, జాగ్రత్త. స్టెయిన్‌లెస్ అయితే అయస్కాంతానికి అంటుకోదంటారు గానీ, ఆ పరీక్షను పూర్తిగా నమ్మలేం. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు కూడా స్క్రూగా మలిచాక దానికి కొద్దిగా అంటుకోవచ్చు. ఒకదాన్ని బ్లేడుతో గీరి, ఉప్పునీళ్లలో తడిపిన గుడ్డలో రెండు రోజులు చుట్టి ఉంచండి. గీత దగ్గర ఎర్రబడితే కొట్టుకు తిరిగి పంపేయవచ్చు.

నేరుగా గుచ్చితే రెమ్మ చీలుతుంది. చేతితో తిప్పే డ్రిల్లుతో ముందు సన్న రంధ్రం చేయాలి. తల కింద పాత సైకిల్ ట్యూబు ముక్క పెడితే బెరడు నలగదు. బెరడు కింది పచ్చని పొరలు రెండు పక్కలా ఒకదానికొకటి ఆనుకున్నాయో లేదో చూసుకున్నాకే బిగించండి. అవి ఆనకపోతే బంగారు స్క్రూ పెట్టినా అంటు అతకదు.

అగ్గిపుల్లంత రెమ్మకు ఇవేవీ అక్కర్లేదు, అంటు టేపు చాలు. అల్యూమినియం మేకులు వంగిపోతాయి, డ్రాయింగు పిన్నులు తుప్పు పడతాయి.

స్క్రూను లోపలే వదిలేస్తే చెట్టు మింగేస్తుంది, మొక్కకు నష్టం లేదు. కానీ అయిదేళ్ల తరవాత అక్కడ కొమ్మలు కోసే కట్టరు పెడితే దాని అంచు విరుగుతుంది. గాడిలోకి వెళ్లే వైపు కన్నా బయటికి వచ్చే వైపు రెమ్మ లావెక్కితే అతికినట్టే. నా ఫైకస్‌లో ఆ తేడా పోయిన వారమే కంటికి ఆనింది. ఇంకో నెల ఆగి విప్పుతాను.