సింగపూర్ విద్యార్థి యాత్ర చివరి రోజు: గైడుకు ఐదు నక్షత్రాలు, ప్యాకేజీకి రెండున్నర

విజయనగరంలో విద్యార్థులను విదేశాలకు తీసుకెళ్లే ఏజెన్సీల కరపత్రాలన్నీ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. మా ఎలక్ట్రికల్ విభాగం పిల్లలతో నేనూ వెళ్లాను కాబట్టి చివరి రోజు సంగతి మాత్రం రాస్తాను. యూనివర్సిటీ సందర్శన లాంటివి ఎవరు తీసుకెళ్లినా ఒకటే. చివరి రోజు దగ్గరే ఏజెన్సీ చేతివాటం బయటపడుతుంది.

కరపత్రంలో ఆ రోజు కింద మెర్లయన్ పార్కు, బొటానిక్ గార్డెన్స్, సూపర్‌ట్రీ గ్రోవ్ అని రాసి, పక్కనే 'ప్రవేశ రుసుములతో కలిపి' అని చేర్చారు. ఆ మూడింటికీ అసలు టికెట్టే లేదు! బొటానిక్ గార్డెన్స్‌లో డబ్బు కట్టాల్సింది ఆర్కిడ్ తోటకు. అది మా ప్యాకేజీలో లేదు. సూపర్‌ట్రీలనే ఇనుప చెట్ల మధ్య 22 మీటర్ల ఎత్తున వేసిన నడకవంతెనకూ టికెట్ ఉంది, అదీ లేదు. అంటే ఆ రోజుకు మనం ఇచ్చిన డబ్బంతా బస్సుకూ, భోజనానికీ, గైడుకూ అన్నమాట. మార్కులూ వాటికే వేస్తాను.

బస్సుకు వంక పెట్టలేను. భోజనం గురించి ఒక్క మాట: పిల్లలు అన్నం అడిగితే పనీరు, రొట్టెలు. పెరుగు లేదు.

సింహం తల, చేప ఒళ్లు ఉన్న మెర్లయన్ విగ్రహం ఎత్తు 8.6 మీటర్లు. సిరిమాను చూస్తూ పెరిగిన మా పిల్లలకు అది ఆనలేదు. ఫొటోలు దిగి బస్సెక్కేశారు. ఆ తర్వాత చాక్లెట్లు, సెంట్లు అమ్మే ఒక దుకాణంలో రెండు గంటలు ఆగాలని ఏజెన్సీ మనిషి ఆదేశం. ఎందుకో వేరే చెప్పాలా? పిల్లలేమో లిటిల్ ఇండియాలోని ముస్తఫా సెంటర్ అనే పెద్ద దుకాణంలో కొనుక్కుందామని డబ్బు దాచుకున్నారు. మా గైడు సింగపూర్‌లోనే పుట్టి పెరిగిన తమిళుడు. పిల్లల ముఖాలు చూసి, అరగంటకే అందరినీ బస్సెక్కించి లిటిల్ ఇండియా తీసుకెళ్లాడు. సెరంగూన్ రోడ్డులో వీరమాకాళి అమ్మన్ గుడి ముందు బొబ్బిలి అమ్మాయి ఒకతె చెప్పులు విడిచి, "మన పైడితల్లమ్మే సార్" అంటూ దణ్ణం పెట్టుకుంది. ఏజెన్సీ మనిషి ఫోను మోగుతూనే ఉంది.

సాయంత్రం సూపర్‌ట్రీల దగ్గర గడిపిన సమయానికే నేను ఐదు నక్షత్రాలూ ఇస్తున్నాను. దూరం నుంచి చూస్తే తీగలు అల్లుకున్న ఇనుప చెట్లు, అంతే. గైడు దగ్గరకు తీసుకెళ్లి, కొన్నిటి పైన సౌరఫలకాలున్నాయనీ, కొన్ని పక్కనున్న గాజు తోటల చల్లదనపు వ్యవస్థకు గాలి గొట్టాలుగా పనిచేస్తాయనీ చూపించాడు. అప్పటిదాకా సెల్ఫీలు తీసుకుంటున్నవాళ్లు ఒక్కసారిగా ఎలక్ట్రికల్ విద్యార్థులైపోయారు. చీపురుపల్లి కుర్రాడు ఇన్వర్టర్ ఎక్కడ పెట్టారని అడిగాడు. "అది మీరే చదువుకుని నాకు చెప్పాలి తమ్ముడూ" అన్నాడు గైడు. తెలియనిది తెలిసినట్టు చెప్పని గైడు దొరకడం అరుదు.

7.45కు దీపాల ప్రదర్శన. ఏడున్నరకే విమానాశ్రయానికి బయలుదేరాలని ఏజెన్సీ మనిషి పట్టు. మా విమానం అర్ధరాత్రి దాటాక. చాంగీ విమానాశ్రయం అక్కడికి బస్సులో అరగంట కూడా లేదు. గైడు డ్రైవరుతో రెండు ముక్కలు మాట్లాడి వచ్చి, "కూర్చోండి" అన్నాడు. పిల్లలు కూర్చోలేదు, నేల మీద వెల్లకిలా పడుకున్నారు. నేనూ పడుకున్నాను, అలా చూస్తేనే బాగుంటుంది. ఈ ప్రదర్శనా ఉచితమే.

డబ్బు కట్టబోయే తల్లిదండ్రులు చివరి రోజు కార్యక్రమాన్ని గంటల వారీగా రాయించుకోండి. దుకాణంలో ఎంతసేపు, ఏ టికెట్ ఎవరు కొంటారు, రాత్రి భోజనం ఎక్కడ అన్నవి అడగండి. మాకు రాత్రి భోజనం పేరిట బస్సులో బిస్కెట్ పొట్లాలు పంచారు.

జూనియర్ల కోసం అదే ఏజెన్సీ మళ్లీ కాలేజీకి వచ్చింది. ఆ గైడునే ఇస్తామని కాగితం మీద రాసిస్తే మాట్లాడదామన్నాను. ఇంకా జవాబు లేదు.