అప్పుల సంగతి తెలియాలంటే ఏది మేలు: సర్వేనా, లాటరీనా, ఊళ్ళో కాపురమా?

మొన్న ఒక జూనియర్ ఫోన్ చేసింది. పీహెచ్‌డీలో చేరి ఎనిమిది నెలలైంది. గ్రూపు లోన్లు తీసుకున్న ఆడవాళ్ళ ఇళ్ళలో ఏం మారింది అన్నది టాపిక్. "అక్కా, వారంలో సినాప్సిస్ పెట్టాలి. మెథడాలజీ దగ్గర ఆగిపోయాను. ఏది రాస్తే మేలు?" అంది టెన్షన్‌గా. వివరాలు సేకరించడానికి సర్వే చేయాలా, చీట్లు తీసి పోల్చాలా, ఊళ్ళో ఉండి చూడాలా అన్నది ఆమె సందేహం. ఫోన్లో సగమే చెప్పగలిగాను. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

ముందు నా అనుభవం ఒకటి. ఎం.ఏ. అయ్యాక కొన్నాళ్ళు ఒక సర్వేలో ఇన్వెస్టిగేటర్‌గా తిరిగాను. రోజుకి ఎనిమిది ఫారాలు నింపాలి. హైదరాబాద్‌లో ఒక బస్తీ. ఒకావిడ గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. నేను మెట్టు మీద కూర్చుని ఫారం తెరిచాను. "గత 30 రోజుల్లో బియ్యానికి ఎంత ఖర్చయిందండీ?" "కొనం గదమ్మా. కోటా బియ్యం వస్తయి. చాలకుంటే మా అన్న ఊరికెల్లి ఒక బస్తా పంపుతడు." ఫారంలో కోటా బియ్యానికి గడి ఉంది, అన్నకి లేదు. తర్వాతి ప్రశ్న: "అప్పులేమైనా ఉన్నాయా?" లోపల టీవీ ముందున్న భర్త వైపు ఒకసారి చూసి, "ఏం లేవమ్మా" అంది. సున్నా వేశాను.

పది రోజుల తర్వాత, ఆ ఫారంలో వయసు గడి ఖాళీగా ఉందని సూపర్‌వైజర్ తిప్పి పంపితే మళ్ళీ వెళ్ళాను. ఆయన డ్యూటీకి పోయాడు. ఆవిడ టీ పెట్టింది. రెండు గ్రూపు లోన్లు, ఎత్తేసిన చిట్టీ, కుదువలో ఉన్న పుస్తెలతాడు, అన్నీ నేను అడక్కుండానే చెప్పుకొచ్చింది. చివర్లో "ఆయనకు ఎరుక లేదు, రాయకమ్మా" అంది. రాయలేదు. ఆ సర్వే లెక్కల్లో అది ఇప్పటికీ అప్పు లేని ఇల్లే.

అందుకని సర్వే పనికిరాదని అనను. ఎంతమందికి బ్యాంకు ఖాతా ఉంది, ఎంతమంది పిల్లలు బడికి పోతున్నారు లాంటివి తెలియాలంటే సర్వేని మించింది లేదు. దాచుకోవాల్సిన విషయాలు, ఊహించి చెప్పాల్సిన విషయాలు అడిగినప్పుడే అది తప్పుతుంది. దీనికి పాత రుజువు ఒకటుంది, మన నేల మీదే జరిగింది. రైతుకి రిస్కు అంటే ఎంత భయమో కొలవాలని హాన్స్ బిన్స్‌వాంగర్ అనే ఆర్థికవేత్త 1970లలో 240 కుటుంబాలతో రెండు రకాలుగా ప్రయత్నించాడు. ఒకటి మామూలు ఇంటర్వ్యూ: "ఇలాంటి పరిస్థితి వస్తే ఏం చేస్తావు?" రెండోది నిజం డబ్బుతో బొమ్మా బొరుసూ. ఖాయంగా 50 రూపాయలు తీసుకుంటావా, లేక నాణెం ఎగరేసి అయితే సున్నా, కాకుంటే 200 అనే పందానికి దిగుతావా? మధ్యలో ఇంకొన్ని మెట్లు. పెద్ద పందాల్లో వచ్చే డబ్బు కూలివాడి నెల సంపాదనని దాటిపోయేది. ఇంటర్వ్యూలో వచ్చిన జవాబులు అడిగిన మనిషిని బట్టి మారిపోయాయి, పైగా నాణెం ఆటలో తేలినదానికీ వాటికీ పొంతనే లేదు. డబ్బు నిజంగా చేతికొచ్చే ఆటలో, పందెం పెద్దదయ్యేకొద్దీ, ఉన్నవాడూ లేనివాడూ దాదాపు ఒకేలా జాగ్రత్తపడ్డారు. పేదవాడు పిరికివాడు కాబట్టే కొత్త విత్తనం వేయడు అనే మాటకి ఆధారం దొరకలేదు. 1980లో అచ్చయిన పేపరు అది. క్వశ్చనీర్ తయారుచేసే ప్రతి స్టూడెంటూ ముందు దాన్ని చదవాలి.

ఇక లాటరీ. ర్యాండమైజ్డ్ ట్రయల్ అని రాస్తాం గానీ, అసలు పని ఎవరికి ఏది ఇవ్వాలో చీట్లు తీయడమే. దీని పుట్టిల్లు వ్యవసాయం, వైద్యం. వైద్యంలో నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ మద్రాసుది. అప్పట్లో క్షయ అంటే శానటోరియం: మంచి గాలి, మంచి తిండి, నెలల తరబడి పడక. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం అలా వెలిసిందే. మందులు వచ్చాయి సరే, ఇరుకు గదిలో అరకొర తిండితో ఉండేవాడికి ఇంట్లోనే మందులిస్తే తగ్గుతుందా? ఎవరినడిగినా తగ్గదనే అంటారు. 1956లో మొదలైన మద్రాసు కేంద్రంలో సుమారు 190 మందిని చీటీల లెక్కన రెండుగా విడదీశారు. సగం మంది శానటోరియానికి, సగం మంది ఇంటికి. మందులు మాత్రం ఏడాది పాటు ఇద్దరికీ అవే. ఇంట్లో ఉన్నవాళ్ళకీ దాదాపు అంతే బాగా నయమైందని, వాళ్ళ ఇంట్లోవాళ్ళకి జబ్బు అంటుకోవడం కూడా ఎక్కువ కాలేదని 1959లో తేల్చారు. ప్రపంచమంతా క్షయకి ఇంటి వైద్యం వైపు తిరగడానికి ఈ ఫలితం పెద్ద కారణం. ఎవరెక్కడికి వెళ్ళాలో డాక్టర్లే ఎంచుకుని ఉంటే, బాగా ముదిరినవాళ్ళని శానటోరియానికి పంపేవారు. ఆ తర్వాత ఎన్ని లెక్కలు కట్టినా ఆ పోలిక బాగుపడదు.

మా జూనియర్ టాపిక్ మీద కూడా ఇలాంటి లాటరీ హైదరాబాద్‌లోనే జరిగింది. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో, మరో ఇద్దరు కలిసి నగరంలో 104 బస్తీలు తీసుకున్నారు. చీటీ పడిన 52 బస్తీల్లో స్పందన అనే సంస్థ లోన్లు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆరు నుంచి పది మంది ఆడవాళ్ళ గ్రూపు, మొదటి లోను 10,000, వారం వారం 50 కిస్తీలు. ఏడాదిన్నర లోపే 6,800కి పైగా ఇళ్ళకి వెళ్ళి చూశారు. కిరాణా కొట్టో, కుట్టు మిషనో అప్పటికే నడుపుతున్నవాళ్ళు వ్యాపారంలో ఇంకొంచెం పెట్టుబడి పెట్టారు. లాభం పెరిగింది మాత్రం అప్పటికే బాగా నడుస్తున్న కొద్దిమందికే. టీవీ, బండి లాంటి సామాన్ల మీద ఖర్చు పెరిగింది, బయటి టీ, పొగాకు లాంటి వాటి మీద తగ్గింది. మొత్తం ఇంటి ఖర్చు పెద్దగా మారలేదు. పిల్లల చదువు, ఆరోగ్యం, ఇంట్లో ఆడవాళ్ళ మాట చెల్లడం, వీటిలో చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనిపించలేదు.

అప్పటిదాకా ఈ లోన్లని కొందరు దేవుడి వరంలా, కొందరు ఉరితాడులా చూస్తూ వాదించుకునేవారు. ఆ రెండూ కాదని గట్టిగా చెప్పగలిగింది ఈ లాటరీయే. మూడేళ్ళు ఊళ్ళో కూర్చున్నా ఈ మాట ఇంత ధైర్యంగా అనలేం. లోను తీసుకున్న ఇల్లు బాగుపడితే, అది లోను వల్లా, లేక ఆవిడ ముందునుంచే చురుకైన మనిషి కావడం వల్లా అని ఎవరైనా అడిగితే మన దగ్గర జవాబుండదు.

కానీ ఇక్కడే నాకు ఒక ముల్లు గుచ్చుకుంటుంది. బెనర్జీ వాళ్ళు అవే ఇళ్ళకి రెండో విడత వెళ్ళింది 2009, 2010ల్లో. 2010 అక్టోబర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మైక్రోఫైనాన్స్, అంటే ఈ చిన్న లోన్లిచ్చే సంస్థల మీద ఆర్డినెన్స్ తెచ్చింది. వసూళ్ళ వేధింపులు, ఆత్మహత్యల వార్తలు అప్పటికి పేపర్ల నిండా ఉన్నాయి. సగటున పెద్ద తేడా లేదన్న ఫలితం తప్పు కాదు. వెయ్యి ఇళ్ళలో తేడా లేక, పది ఇళ్ళలో కొంప మునిగితే సగటు అలాగే ఉంటుంది. ఆ పది ఇళ్ళ గురించి అడగడానికి పెట్టిన లాటరీ కాదది. పైగా చీటీ పడని బస్తీల్లోకి కూడా వేరే సంస్థలు వచ్చేశాయి. మొదటి విడతకే అక్కడ సుమారు 18 శాతం ఇళ్ళలో ఇలాంటి లోన్లున్నాయి. చీటీ పడినచోట సుమారు 27 శాతం ఇళ్ళలో, అంతే. మందు రెండు పక్కలా పాకితే తేడా పట్టుకోవడం కష్టం.

లాటరీ అసలు వేయలేని చోట్లూ ఉన్నాయి. 1937లో నెల్లూరు జిల్లాలో ఫ్లోరైడు నీళ్ళ వల్ల ఎముకలు బిగుసుకుపోయే జబ్బుని డాక్టర్లు గుర్తించింది మనుషుల్ని చూసి, నీళ్ళని పరీక్షించి. సగం ఊరికి ఆ నీళ్ళే తాగండని చీటీలు పంచలేం కదా!

ఊళ్ళో కాపురం సంగతికొస్తే, మన దగ్గర పాత పేరు శామీర్‌పేట. 1950ల మొదట్లో ఉస్మానియా నుంచి ఎస్.సి. దూబే అనే సామాజిక శాస్త్రవేత్త ఒక బృందంతో వెళ్ళి ఆ ఊరి గురించి రాశాడు. విశేషం ఏమిటంటే, ఆ బృందంలో వైద్యం, వ్యవసాయం, పశువైద్యం చదివేవాళ్ళు కూడా ఉన్నారు. ఈ రోజుల్లో ఒక డిపార్ట్‌మెంట్ వాళ్ళు పక్క డిపార్ట్‌మెంట్ క్యాంటీన్‌కి కూడా వెళ్ళరు. ఉండి చూసేవాళ్ళకి దొరికేవి ఫారానికి దొరకవు: ఎవరు ఎవరింట్లో నీళ్ళు తాగరు, ఎవరి ముందు గొంతు తగ్గుతుంది, లాంటివి. మైసూరు దగ్గర ఒక ఊళ్ళో 1948లో ఉండి చూసిన సామాజిక శాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్, ఊళ్ళో ఆధిపత్య కులం అనే ఆలోచనని అక్కడి నుంచే తెచ్చాడు. 1970లో స్టాన్‌ఫర్డ్‌లో ఆయన నోట్సు మంటల్లో కాలిపోయాయి. ఆయన జ్ఞాపకం మీదే ఆధారపడి పుస్తకం రాశాడు. ఈ కథ విన్న ప్రతిసారీ నాకు రెండూ అనిపిస్తాయి. కాగితం లేకపోయినా ఊరంతా కళ్ళముందు నిలిచేంతగా చూశాడు కదా అని ఒకటి. మరి ఆయన సరిగ్గా చూశాడో లేదో ఇంకెవరు సరిచూస్తారు అని ఇంకొకటి. కాపురం పద్ధతిలో బలమూ బలహీనతా ఆ ఒక్క మనిషే.

నా ఓటు ఈ మూడింటిలో దేనికీ కాదు. వెళ్ళిన గడపకే మళ్ళీ మళ్ళీ వెళ్ళే పద్ధతికి. పటాన్‌చెరులోని వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975లో ఆరు ఊళ్ళలో ఇదే మొదలుపెట్టింది. నాలుగు మహారాష్ట్రవి, రెండు అప్పటి మహబూబ్‌నగర్ జిల్లావి: అవురుపల్లి, దోకూరు. ఊరికి 40 ఇళ్ళు. భూమి లేనివాళ్ళు పది, చిన్న, మధ్య, పెద్ద రైతులు పదేసి. ఇన్వెస్టిగేటర్ ఊళ్ళోనే ఉంటాడు, మూడు నాలుగు వారాలకోసారి అవే ఇళ్ళకి వెళ్తాడు. కొన్ని ఊళ్ళలో పదేళ్ళ పాటు. ఇందాకటి నాణెం ఆట కూడా ఈ ఇళ్ళలోనే ఆడారు. ఇళ్ళు తెలిసినవే కాబట్టే అంత డబ్బుతో ఆట నడిచింది, వచ్చినవాణ్ణి మోసగాడనుకుని తరిమేయలేదు.

ఈ లెక్కల నుంచి వచ్చిన రెండు ఫలితాలు చాలు. 1994లో ఆర్థికవేత్త రాబర్ట్ టౌన్‌సెండ్ ఈ ఊళ్ళలో మూడింటి లెక్కలు తీసి చూస్తే, ఒక ఇంటి పంట పోయినా ఆ ఇంటి తిండి ఖర్చు అంతగా పడిపోవడం లేదు. ఊరంతటి తిండి ఎటు కదిలితే అదీ అటే కదులుతోంది. అంటే చేబదుళ్ళూ, బంధువులూ కలిసి ఒక బీమాలా పనిచేస్తున్నారు. రెండోది 1989లో మార్క్ రోజెన్‌జ్వైగ్, ఒడెడ్ స్టార్క్ తేల్చింది: ఈ ఊళ్ళలో ఆడపిల్లల్ని వేరే వేరే ఊళ్ళకి ఇచ్చి, దూరపు ఊళ్ళ నుంచి కోడళ్ళని తెచ్చుకోవడంలో కరువు లెక్క కూడా ఉంది. ఇక్కడ వాన పడకపోయినా వియ్యంకుడి ఊళ్ళో పడొచ్చు. అలాంటి సంబంధాలున్న ఇళ్ళలో తిండి ఖర్చు ఎగుడుదిగుళ్ళు తక్కువ.

చిక్కుడుకాయల ఆవిడ అన్న పంపే బియ్యం బస్తా ఉందే, అదే ఇది. నా ఫారంలో దానికి గడి లేదు. ఒక్కసారి వెళ్ళేవాడు అదేదో పుట్టింటి ప్రేమ అనుకుని వదిలేస్తాడు. ఏ ఏడు వచ్చింది, ఏ ఏడు రాలేదు అని పదేళ్ళు రాసుకున్నవాడికే అది బీమా అని తెలుస్తుంది.

దీనికీ లోటుంది. 240 ఇళ్ళని పట్టుకుని రాష్ట్రమంతా ఇంతే అనలేం. ఇంటివాళ్ళు మనకి అలవాటు పడినట్టే మనమూ వాళ్ళకి అలవాటు పడి, అడగాల్సినవి అడగడం మానేస్తాం. డబ్బూ సహనమూ చాలా కావాలి. కానీ అప్పుల్లాంటి విషయం మీద, చేతిలో రెండేళ్ళూ ఫెలోషిప్పూ తప్ప ఏమీ లేని ఒక్క మనిషికి ఇదే మేలని నా గట్టి అభిప్రాయం. లాటరీకి లోన్లిచ్చే సంస్థ ఒప్పుకోవాలి, వందల మంది సిబ్బంది కావాలి. అవి మా జూనియర్‌కి ఎలాగూ రావు. చీటీల ఫలితం ఇప్పటికే చేతిలో ఉంది కాబట్టి, అది చూడని ఇళ్ళని చూడటం మంచిది. ఒకే ఇంట్లో మూడు కిస్తీలు ఒకే వారంలో పడితే ఆవిడ దేన్ని ముందు కడుతుంది, ఎవరినడిగి తెస్తుంది, ఎవరికి చెప్పదు?

ఇవన్నీ విని, "గైడ్ గారు 300 శాంపిల్‌కి తగ్గితే ఒప్పుకోరక్కా" అంది. సరే, 300 ఇళ్ళకి ఒక్కసారి వెళ్ళు, ఆయనకి టేబుళ్ళు వస్తాయి. అందులోంచి చీట్లు తీసి 30 ఇళ్ళు పెట్టుకో. వాటికి నెలకోసారి, ఏడాది పాటు వెళ్ళు. అప్పు ప్రశ్న మూడో నెల దాకా తీయకు. "రాయకు" అన్నది రాయకు. ఒకే మనిషి నోట రెండు అంకెలు వస్తే పాతది కొట్టేయకు, తేదీ వేసి పక్కనే రాసుకో.

కాసేపు ఆగి, "టీ ఇస్తే తాగొచ్చా అక్కా? క్లాసులో వద్దన్నారు" అంది.

తాగమన్నాను. నాకు ఆ రెండు గ్రూపు లోన్ల సంగతి తెలిసింది ఆ టీ చల్లారేలోపే.