తాళం వేసి వెళ్లే ఇంటికి కుక్క మేలా, పిల్లి మేలా?

ఈ ఏడాది కనీసం పదిమంది నన్ను ఇదే ప్రశ్న అడిగి ఉంటారు. అందరూ ఇంచుమించు నాలాంటివాళ్లే. హైదరాబాద్‌లో ఉద్యోగం, అద్దె ఫ్లాటు, అమ్మానాన్నలు ఊళ్లో. రాత్రి తాళం తీసి లోపలికి వెళ్తే లైటు మనమే వేసుకోవాలి, టీవీ మనమే పెట్టుకోవాలి. "ఒక్కదాన్నే ఉండలేకపోతున్నానక్కా, ఏదైనా పెంచుకుందామనుకుంటున్నా. కుక్కను తెచ్చుకోనా, పిల్లినా?" అంటారు. ఆ వెంటనే ఫోన్లో నెలన్నర లాబ్రడార్ కూన ఫొటో చూపిస్తారు.

నా దగ్గర ఇప్పుడు జున్ను అనే పిల్లి ఉంది. అంతకుముందు ఒక కుక్కతో మూడు వారాలు గడిపాను. కాబట్టి నా మొగ్గు ఎటో దాచుకోను. రోజూ పది, పదకొండు గంటలు తాళం పడి ఉండే ఇంటికి పిల్లే మేలు. కుక్క తక్కువదని ఈ మాట అనడం లేదు. కుక్కలంటే నాకు ప్రాణం కాబట్టే అంటున్నాను.

అడిగేవాళ్లు ఏ జాతి మంచిది, నెలకు ఎంత ఖర్చవుతుంది, వెంట్రుకలు రాలతాయా అని అడుగుతారు. నేను మాత్రం ఇంటికి రోజుకు ఎన్ని గంటలు తాళం ఉంటుందో వేళ్ల మీద లెక్కపెట్టమంటాను. ఆఫీసు తొమ్మిది గంటలు. కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలికి రానూపోనూ ఇంకో రెండు. వారంలో ఒకరోజు సరుకులు, ఒకరోజు స్నేహితులు. చాలామందికి ఈ లెక్క పదకొండు దగ్గర తేలుతుంది. నిద్ర తీసేస్తే ఆ జీవితో గడపడానికి మిగిలేది ఐదారు గంటలు. అందులో వంటా, ఫోన్లూ ఉండనే ఉంటాయి.

మేం తణుకు దగ్గర పల్లెలో పెరిగాం. మా పెరట్లో ఎప్పుడూ ఒక కుక్క ఉండేది. దాన్ని ఎవరూ పనిగట్టుకుని పెంచలేదు. నాయనమ్మ రెండు పూటలా అన్నం పెట్టేది, మేం బడి నుంచి వస్తుంటే చెరువుగట్టు దాకా ఎదురొచ్చేది, పాలేరు పొలం వెళ్తే వెంట వెళ్లేది. దాని జీవితంలో ఒక్క గంట కూడా ఒంటరిగా ఉండి ఉండదు. అలాంటి కుక్కను చూసి పెరిగిన మనకు "కుక్కదేముంది, రెండు ముద్దలు పెడితే ఇంటిని అంటిపెట్టుకుని ఉంటుంది" అనిపించడం సహజం. కానీ ఆ కుక్కకు ఒక వీధి మొత్తం తోడుంది. ఫ్లాట్‌లో కుక్కకు ఉన్నది మనం ఒక్కళ్లమే. మనం బయటికి వెళ్లి తలుపు వేస్తే దాని లోకం అంతటితో ఆగిపోతుంది.

ఇది నాకు బ్రూనో వల్ల తెలిసింది. మా టీములో ఒకరు ఆన్‌సైట్‌కు వెళ్తూ మూడు వారాలు చూసుకోమని ఇచ్చారు. నాలుగేళ్ల లాబ్రడార్ క్రాస్, చాలా మంచి బుద్ధి. మొదటి వారం నాకు ఇంటి నుంచే పని. నా కుర్చీ కింద పాదాల మీద తల పెట్టుకుని పడుకునేది. ఇన్నేళ్లలో అంత హాయిగా ఏ వారమూ గడవలేదు. రెండో వారం ఆఫీసుకు వెళ్లాను. మూడో రోజు సాయంత్రం కింది ఫ్లాటు ఆంటీ మెట్ల దగ్గర ఆపారు. "అమ్మాయ్, నువ్వెళ్లిన దగ్గర్నుంచీ ఏడుస్తూనే ఉందే, పాపం. మధ్యాహ్నం నాకు నిద్ర లేకపోతే పోనీ, దాని ఏడుపు వినలేకపోతున్నాను" అన్నారు.

మర్నాడు పాత ఫోనును హాల్లో కెమెరాలా పెట్టి వెళ్లాను. ఆ రాత్రి రికార్డింగు చూస్తుంటే కడుపు తరుక్కుపోయింది. నేను వెళ్లాక ఇరవై నిమిషాలు తలుపు ముందే నిలబడింది. తర్వాత మూలుగు, ఆ తర్వాత ఊళ. కాసేపు ఆగేది. లిఫ్టు చప్పుడు వినగానే లేచి తోక ఊపేది. ఆ అడుగులు నావి కావని తెలిశాక మళ్లీ ఊళ. గిన్నెలో తిండి పెట్టింది పెట్టినట్టే ఉంది. ద్వారబంధం చెక్క గోళ్లతో గీరుకుపోయింది. కొత్త చోటు, యజమాని దూరమైన దిగులు కూడా తోడై ఉంటాయి, నిజమే. పశువుల డాక్టరు గారు దీనికి అలవాటు చేసే పద్ధతి చెప్పారు. మొదట రెండు నిమిషాలు బయటికి వెళ్లి రావాలి, తర్వాత ఐదు, తర్వాత పావుగంట, ఇలా వారాల తరబడి పెంచుకుంటూ పోవాలి. అది పనిచేస్తుంది కూడా. కానీ ఆ వారాలన్నీ ఇంట్లో ఉండగలిగిన మనిషి కావాలి. ఒంటరిగా ఉండే ఉద్యోగికి లేనిదే అది.

శరీర ధర్మం సంగతి కూడా ఉంది. ఎదిగిన కుక్క ఆరు నుంచి ఎనిమిది గంటలు మూత్రం ఆపుకోగలదు. పదకొండు గంటలు ఆపుకోమనడం హింస. రెండు నెలల కూన అయితే రెండు మూడు గంటలు కూడా కష్టమే. దానికి రోజుకు మూడు నాలుగు సార్లు తిండి పెట్టాలి, పార్వో లాంటి ప్రాణాంతక జబ్బులు సోకకుండా టీకాలు పూర్తయ్యేదాకా వీధిలోకి దించకూడదు. ఒంటరిగా ఉండి ఉద్యోగానికి వెళ్లేవాళ్లు ఆ ఫొటోలోని కూనను తెచ్చుకోకూడదని నేను గట్టిగా చెప్పేది అందుకే.

బ్రూనో నాకు ఇచ్చింది కూడా చెప్పాలి. పొద్దున్నా రాత్రీ దాన్ని తిప్పడం వల్ల మా గల్లీలో నాలుగేళ్లలో పరిచయం కానంతమంది మూడు వారాల్లో పరిచయమయ్యారు. ఇస్త్రీ బండి ఆయన, పూలమ్మే అమ్మ, పక్క అపార్టుమెంటులో రిటైరైన మాస్టారు అందరూ ఆగి పలకరించేవారు. ఒంటరితనమే అసలు బాధ అయినవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. పిల్లి ఈ పని చేయదు. ఇంట్లో తోడుంటుందే తప్ప మనల్ని వీధిలోకి తీసుకెళ్లదు.

ఇక ఊరెళ్లడం. సంక్రాంతికి ఇంటికి వెళ్లకుండా ఎవరుంటారు? రైల్లో కుక్కను మనతో ఉంచుకోవాలంటే ఫస్ట్ ఏసీలో కూపేనో (రెండు బెర్తుల గది) క్యాబినో (నాలుగు బెర్తులది) మొత్తం మన పేరున ఉండాలి. లేదంటే అది బ్రేక్ వ్యానులో పెట్టెలో ప్రయాణం చేయాలి. పండగ రోజుల్లో కూపే మాట దేవుడెరుగు, మామూలు బెర్తే దొరకదు. డబ్బు తీసుకుని కుక్కల్ని చూసుకునే బోర్డింగులో వదిలితే డబ్బుతో పాటు దాని బెంగ కూడా లెక్కలో వేసుకోవాలి. పిల్లిని కదపక్కర్లేదు. దానికి పరాయి చోటు కంటే తన ఇల్లే నయం. రోజూ ఒకరు వచ్చి తిండీ నీళ్లూ పెట్టి, లిట్టర్ (అది మలమూత్రాలకు వెళ్లే ఇసుకలాంటి పొడి తొట్టి) శుభ్రం చేసి, ఓ పావుగంట కూర్చుంటే చాలు. నాలుగు రోజులకు సరిపడా ఒకేసారి గిన్నెలో పోసి తాళం వేసి వెళ్లడం మాత్రం వద్దు.

పిల్లికి విశ్వాసం ఉండదని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. జున్నుతో ఉన్నాక ఆ మాట నేను నమ్మడం లేదు. లిఫ్టు దిగి నడుస్తుంటే నా అడుగుల చప్పుడు గుర్తుపట్టి తలుపు వెనక అరుస్తుంది. నా కాళ్లకు ఒళ్లు రాస్తుంది. తర్వాత తన చోటుకు తాను వెళ్లిపోతుంది. తేడా ఏమిటంటే, మధ్యలో ఉన్న పదకొండు గంటలూ దానికి నరకం కాదు. పిల్లులు రోజులో సగానికి పైగా నిద్రలోనే గడుపుతాయి. వాటి హుషారంతా తెల్లవారుజామునా, సాయంత్రం చీకటి పడేటప్పుడూ. అవి మనం ఇంట్లో ఉండే వేళలే. ఆ రెండు పూటలా పావుగంట చొప్పున తాడో ఈకో పట్టుకుని ఆడించాలి. ఆడించకపోతే తెల్లవారుజామున నాలుగింటికి అదే మనల్ని లేపుతుంది.

అలాగని పిల్లికి పనేమీ ఉండదనుకోకండి. అన్నిటికంటే ముందు బాల్కనీకీ కిటికీలకూ పావురాల వల బిగించాలి. పిల్లి ఎంత ఎత్తు నుంచి పడినా నాలుగు కాళ్ల మీద నిలబడుతుందని ధైర్యం చెబుతారు. కానీ మూడో అంతస్తు నుంచి పడితే దవడలు, కాళ్లు విరగొచ్చు, ఊపిరితిత్తులు దెబ్బతినొచ్చు. నేను వల కట్టించాకే జున్నును తెచ్చాను. తర్వాత తిండి. మన శాకాహార ఇళ్లలో పిల్లికి పాలూ, పెరుగన్నమూ పెట్టడం అలవాటు. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు. పైగా పిల్లి పుట్టుకతో మాంసాహారి. టారిన్ అనే పదార్థం దాని ఒంట్లో సరిపడా తయారవదు, తిండి నుంచే రావాలి, అది మాంసం, చేపల్లో ఉంటుంది. అది అందకపోతే గుండె బలహీనపడుతుంది, చూపు పోతుంది. ఇంట్లో చేపలు వండలేనివాళ్లు పిల్లుల కోసం అమ్మే డ్రై ఫుడ్డయినా పెట్టాలి. అదీ కుదరదంటే పిల్లి ఆలోచన మానుకోవాలి. నాకు తిండీ లిట్టరూ కలిపి నెలకు 2,500 రూపాయల దాకా అవుతోంది.

ఒంటరిగా ఉండేవాళ్లు మరీ జాగ్రత్తపడాల్సిన సంగతి ఇంకోటుంది. పిల్లి తన జబ్బును దాచుకుంటుంది. ఇంట్లో నలుగురుంటే ఎవరో ఒకరి కంట పడుతుంది, మనకు ఆ రెండో కన్ను లేదు. అందుకే నేను రోజూ లిట్టర్ తీసేటప్పుడు మూత్రం తడికి కట్టిన గడ్డలు ఎన్ని ఉన్నాయో చూస్తాను. ముఖ్యంగా మగపిల్లికి మూత్రనాళం మూసుకుపోవడం ఉంటుంది. పదేపదే లిట్టర్‌లో కూర్చుని ముక్కుతూ చుక్క కూడా రాకపోతే, పొద్దున చూద్దాంలే అనుకోకూడదు. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. జ్వరానికి మనం వేసుకునే పారాసెటమాల్ ఒక్క మాత్ర చాలు పిల్లిని చంపడానికి. కుక్కల పిడుదుల మందుల్లో వాడే పర్మెత్రిన్ కూడా దానికి విషమే. బొకేల్లో వచ్చే పెద్ద లిల్లీలూ అంతే. (మనం మాలల్లో కట్టే సన్న లిల్లీలు వేరే మొక్క.)

పిల్లినే తెచ్చుకోవాలనుకుంటే ఏడాది దాటినదాన్ని, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయినదాన్ని, మన దేశవాళీ పిల్లినే తెచ్చుకోండి. దత్తతకు ఇచ్చే వాలంటీర్ల దగ్గర ఎదిగినవే ఎక్కువ మిగిలిపోతాయి, ఎందుకంటే అందరూ పిల్లకూనలే అడుగుతారు. ఎదిగినదైతే దాని స్వభావం ముందే తెలుస్తుంది. కూనలే కావాలంటే ఒకే ఈతలోవి రెండు తెచ్చుకోవాలి, ఒక్క కూనను పదకొండు గంటలు వదలడం కుక్కకూనను వదలడం లాంటిదే.

కుక్క ఎవరికి సరిపోతుంది? ఇంటి నుంచి పని స్థిరంగా ఉన్నవాళ్లకు, రిటైరై ఒంటరిగా ఉంటూ రెండు పూటలా నడిచే ఓపిక ఉన్నవాళ్లకు, పగలు వచ్చి తిప్పే నమ్మకమైన మనిషి దొరికినవాళ్లకు. వాళ్లకైతే కుక్కే మేలంటాను. అప్పుడు కూడా హస్కీ, పగ్ కాకుండా ఎదిగిన దేశవాళీ కుక్కను తెచ్చుకోమంటాను. మంచుప్రాంతపు బొచ్చుతో ఒకటి, నొక్కుకుపోయిన ముక్కుతో ఇంకోటి మన మే నెల ఎండలో నానా యాతన పడతాయి. ఆడపిల్ల ఒంటరిగా ఉంటుంది కాబట్టి కాపలాకు కుక్క కావాలని కొందరు తల్లిదండ్రులు పట్టుబడతారు. మొరిగే కుక్క ఉంటే ధైర్యమే, కాదనను. కానీ పగలంతా బంధించిన కుక్క రాత్రికి కాపలాదారు అవదు, రోగిష్టి అవుతుంది.

ఇంటి ఓనర్ల విషయం. అపార్టుమెంటు సంఘాలు పెంపుడు జంతువులను నిషేధించకూడదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. అయితే అద్దె ఒప్పందం వేరు, ఓనరుతో ముందే మాట్లాడి కాగితం మీద రాయించుకోవాలి. మా ఓనరు గారు కుక్కకు సరేనన్నారు గానీ "పిల్లి వద్దమ్మా, పొద్దున్నే ఎదురొస్తుంది" అన్నారు. అది గడప దాటదని చెప్పి, బిగించిన వల చూపిస్తే ఒప్పుకున్నారు.

మిగతావాటి గురించి రెండు ముక్కలు. గాజు గిన్నెలో గోల్డ్‌ఫిష్ వద్దు, దాని వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియానే దాన్ని చంపుతుంది. ఫిల్టరున్న తొట్టి, వారం వారం కొంత నీరు మార్చే ఓపిక ఉంటే చేపలు మంచివే. లవ్ బర్డ్స్ అని మన దగ్గర అమ్మేవి ఎక్కువగా బడ్జెరిగార్లు, జంటగానే ఉంచాలి, నాన్‌స్టిక్ పెనం మాడిన పొగ వాటికి ప్రాణాంతకం. కుందేలు మన వేసవికి తట్టుకోలేదు. రామచిలుకనూ నక్షత్ర తాబేలునూ ఇంట్లో ఉంచుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం, ఎవరు అమ్మజూపినా కొనకండి.

ఏది తెచ్చుకున్నా ఇంటి రెండో తాళంచెవి ఎవరి దగ్గరుంటుందో ముందే తేల్చుకోవాలి. పోయిన వర్షాకాలం నాకు డెంగీ వచ్చి మూడు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. చేరిన రాత్రి నాకు ప్లేట్‌లెట్ల కంటే జున్ను మీదే ధ్యాస. కింది ఫ్లాటు ఆంటీకి ఫోన్ చేశాను. ఆవిడకు కుక్కలంటే భయం, బ్రూనో ఉన్న మూడు వారాలూ మా తలుపు దాకా కూడా రాలేదు. ఈసారి తాళంచెవి తీసుకుని పైకి వెళ్లి, పొద్దునా సాయంత్రమూ గిన్నె నింపి, నేను చెప్పినట్టే లిట్టర్ తీసి, వీడియో కాల్‌లో చూపించారు. మూడో రోజు జున్ను ఆవిడ ఒళ్లోనే ఉంది. "నువ్వు నిదానంగా రా అమ్మాయ్, ఇక్కడ మేం బాగానే ఉన్నాం" అన్నారు.