ప్రత్యక్ష ఓటా, ప్రతినిధుల ఓటా?

హైదరాబాద్‌లోని విశ్రాంత ఉపాధ్యాయుల సంఘాలు కార్యవర్గాన్ని ఎన్నుకునే పద్ధతులు ప్రధానంగా రెండు. సభ్యులందరూ సర్వసభ్య సమావేశంలో రహస్య ఓటు వేయడం ఒకటి. శాఖల నుంచి వచ్చిన ప్రతినిధులు మాత్రమే ఓటు వేయడం రెండోది.

ప్రత్యక్ష ఓటులో అధ్యక్షుడు ప్రతి సభ్యుడికీ నేరుగా జవాబుదారీ అవుతాడు. అయితే తెలంగాణలో పదవీ విరమణ వయసు 2021లో 58 నుంచి 61కి పెరగడంతో 2024 వరకు కొత్తగా రిటైరైనవారు బాగా తగ్గారు. జాబితాలో వయసు మీరినవారే ఎక్కువైనప్పుడు, వనస్థలిపురం నుంచి హిమాయత్‌నగర్‌కు వచ్చి, లిఫ్టు లేని భవనంలో రెండో అంతస్తు ఎక్కి ఓటు వేయగలవారెందరు? చివరికి దగ్గర్లో ఉండేవారి ఓటే అందరి తీర్పుగా చెలామణి అవుతుంది.

ప్రతినిధుల పద్ధతిలో ఆ ఇబ్బంది లేదు, ఖర్చూ తక్కువే. కానీ శాఖలో 'మాస్టారు ఉన్నారుగా' అంటూ చేతులెత్తి పంపిన ప్రతినిధి ఎవరి అభిప్రాయాన్ని మోసుకెళ్తున్నాడో ఎవరూ అడగరు. ఏకగ్రీవమనే మర్యాద వెనుక ఒకే బృందం ఏళ్ల తరబడి కొనసాగేది కూడా ఇక్కడే.

పద్ధతి ఏదైనా, 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైన సంఘం కార్యవర్గ జాబితాను ఏటా రిజిస్ట్రార్‌కు సమర్పించాలి; వివాదం వస్తే సభ్యుడు జిల్లా కోర్టును ఆశ్రయించవచ్చు.

నా మొగ్గు ప్రత్యక్ష ఓటు వైపే, ఓటు పెట్టెను శాఖల వద్దకే పంపి, చందా బకాయిల పేరుతో తొలగించిన పేర్లను ముందుగానే నోటీసు బోర్డుపై అంటిస్తేనే.