లైన్‌మన్ నాన్నతో నెబుతా చూశాను: అవొమోరి ‘వా రస్సె’, గోషోగవారా మ్యూజియంల గురించి నా అనుభవం

అవొమోరిలోని నెబుతా మ్యూజియం ‘వా రస్సె’కు నేను రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి జనవరిలో, మోకాలి లోతు మంచులో, మా ఆయనతో. రెండోసారి ఆగస్టులో, ప్రొద్దుటూరు నుంచి మమ్మల్ని చూడ్డానికి వచ్చిన నాన్నతో. మొదటిసారి బయటికొచ్చాక ‘బాగుంది’ అనుకున్నాను, అంతే. రెండోసారి నాన్న పక్కన నిలబడి చూశాక, ఈ మ్యూజియం గురించి మనవాళ్ళకు చెప్పి తీరాలనిపించింది. జపాన్ అంటే టోక్యో, క్యోటో, ఒసాకా చూసి వెనక్కి వెళ్ళిపోయేవాళ్ళే ఎక్కువ. మేం సెండాయ్‌లో ఉంటాం కాబట్టి ఉత్తరాన ఉన్న ఈ తోహోకు ప్రాంతం మాకు పక్కిల్లు లాంటిది. ఆగస్టు మొదటి వారంలో ఇక్కడ వరసగా పండుగలే. అకితాలో కాంతో, మా సెండాయ్‌లో తనబాతా, అన్నిటికంటే పైన అవొమోరి నెబుతా.

నెబుతా అంటే కాగితంతో చేసిన పేద్ద దీపపు బొమ్మ. కర్రలతో, ఇనుప తీగతో అస్థిపంజరం కట్టి, దాని మీద ‘వాషి’ అనే జపాన్ కాగితం అతికించి, రంగులు వేసి, లోపల దీపాలు వెలిగించి, చక్రాల బండి మీద ఊరేగిస్తారు. పెద్దవి 9 మీటర్ల వెడల్పు, 7 మీటర్ల లోతు, బండితో కలిపి 5 మీటర్ల ఎత్తు ఉంటాయి. బరువు దాదాపు 4 టన్నులు. కత్తులు దూసిన యోధులు, కాబుకి నాటకాల పాత్రలు, ఉరుముల దేవుడు రైజిన్, బౌద్ధం వెంట మన దేశం నుంచి అక్కడిదాకా నడిచివెళ్ళిన దేవతలు. ఇంద్రుణ్ణి వాళ్ళు తైషకుతెన్ అంటారు, అసురుణ్ణి అషురా అంటారు. ఏటా ఆగస్టు 2 నుంచి 7 దాకా పండుగ. అయిపోగానే చాలా బొమ్మలను విప్పేస్తారు. మరుసటి ఏడు మళ్ళీ కొత్తవి కడతారు. విప్పకుండా మిగిల్చిన నాలుగు పెద్దవాటిని ‘వా రస్సె’లో పెడతారు.

2011 జనవరిలో తెరిచిన ఈ మ్యూజియం అవొమోరి స్టేషన్ బయటికి రాగానే సముద్రం వైపు కనిపిస్తుంది. బిల్డింగ్ చుట్టూ ఎర్రటి ఉక్కు పట్టీలు మెలితిప్పి తెరలా వేలాడదీశారు. నేను వెళ్ళినప్పుడు పెద్దలకు టికెట్టు 620 యెన్. లోపలి హాలంతా చీకటి. ఆ చీకట్లో నాలుగు నెబుతాలు నిప్పుకణికల్లా వెలుగుతుంటాయి. జనవరిలో మేం వెళ్ళింది ఆదివారం. శని, ఆదివారాల్లో, సెలవు రోజుల్లో అక్కడ డప్పులు, వేణువు, చేతి తాళాలతో పండుగ సంగీతం వాయించి, వచ్చినవాళ్ళను కూడా గంతులేయమని పిలుస్తారు. వీలుంటే ఆ రోజుల్లోనే వెళ్ళండి. ఆ డప్పు మోత లేకపోతే నెబుతాలు అందమైన బొమ్మలే, అంతకుమించి ఏమీ అనిపించవు. ఆ రోజు మోత ఉన్నా నాకు ఏదో తక్కువైంది. అదేమిటో ఆగస్టులో తెలిసింది.

ఇక్కడ నాన్న గురించి చెప్పాలి. ఆయన కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యాడు. నా చిన్నప్పుడు వినాయక నిమజ్జనం అంటే మాకు నాన్న ఇంట్లో లేని రోజు. పెన్నకు వెళ్ళే ఊరేగింపుల ముందు వెదురు గడ పట్టుకొని నడిచేవాడు. సర్వీసు వైర్లు కిందికి వేలాడే చోట గడతో ఎత్తిపట్టి ట్రాక్టర్‌కు దారి ఇచ్చేవాడు. లెవెన్ కేవీ లైను దాటాలంటే ముందు ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే ఆ లైను మీద పనికి అనుమతి) తీసుకొని, సప్లై ఆపాకే బొమ్మను కదలనిచ్చేవాడు. తెల్లవారుజామున ఒంటినిండా గులాలుతో ఇంటికొచ్చి, “ఏం కాలేదులే, అన్ని బొమ్మలూ దాటినాయ్” అని అమ్మతో అనేవాడు. అప్పటిదాకా అమ్మ నిద్రపోయేది కాదు. ఆ టెన్షన్ ఎందుకో నాకు పెద్దయ్యాక అర్థమైంది.

ఆగస్టు 5 సాయంత్రం అవొమోరి వీధిలో, ఫుట్‌పాత్ మీద చాప పరుచుకొని కూర్చున్నాం. డబ్బులిచ్చే సీట్లు కూడా ఉంటాయి, కానీ ముందుగా వెళ్తే రోడ్డు పక్కన ఉచితంగానే చోటు దొరుకుతుంది. చీకటి పడుతుండగా డప్పు మొదలైంది. ముందు ‘హనెతో’లు వచ్చారు. వాళ్ళే ఈ పండుగకు ప్రాణం. పూల టోపీ, యుకాతా అనే పల్చటి నూలు అంగీ, నడుం నుంచి వేలాడే రంగుల గుడ్డ, ఒళ్ళంతా చిన్న చిన్న గజ్జెలు. ఒక కాలి మీద రెండు గంతులు, ఇంకో కాలి మీద రెండు గంతులు, “రస్సేరా, రస్సేరా” అని అరుపు. వేలమంది! గజ్జెలు తెగి రోడ్డు మీద పడుతుంటాయి. వాటిని ఏరుకుంటే అదృష్టమని నమ్మకం. నాన్న ముందు ఒకటి పడింది. ఆయన తియ్యలేదు. పక్కన కూర్చున్న ఒక ముసలావిడ తీసి, దుమ్ము తుడిచి, రెండు చేతులతో ఆయనకు అందించింది. నాన్న కూడా రెండు చేతులతోనే తీసుకున్నాడు. ఇద్దరికీ ఒకరి భాష ఇంకొకరికి రాదు.

మీరు కూడా హనెతోగా గంతులేయొచ్చు. పేరు రాయించుకోవాల్సిన పనిలేదు, పూర్తి వేషం మాత్రం ఉండాలి. మామూలు బట్టలతో లోపలికి రానివ్వరు. ఊళ్ళో అద్దెకిచ్చే షాపులున్నాయి. నేను ముందుగా బుక్ చేసుకున్న ఒక షాపులో, తీరా వెళ్తే నా కొలతకు సరిపోయేది లేదన్నారు. ఆ పూట నాకు గంతులు లేవు. కాబట్టి ఆ రోజు పొద్దున్నే వెళ్ళి వేసి చూసుకోండి, సాయంత్రందాకా ఆగకండి.

తర్వాత మొదటి నెబుతా మూల తిరిగింది. జనవరిలో నాకు ఏం తక్కువైందో ఆ క్షణంలో తెలిసింది. నెబుతా ఒకచోట నిలబడి ఉండే బొమ్మ కాదు. చేతిలో విసనకర్ర, నోట్లో విజిల్ ఉన్న మనిషి సైగ చేస్తే, నాలుగు టన్నుల బండిని మనుషులే తోస్తూ ఒక్కసారిగా జనం మీదికి తెస్తారు. ఆ యోధుడి ముఖం మన ముఖం మీదికి వంగుతుంది. పిల్లలు కేరింతలు కొడతారు. మళ్ళీ వెనక్కి లాగి, గిర్రున తిప్పుతారు. నాన్న మాత్రం బొమ్మ ముఖం చూడటం లేదు. తల పైకెత్తి రోడ్డుకు అడ్డంగా ఉన్న సిగ్నల్ స్తంభాన్ని, బొమ్మ చేతిలోని కత్తి కొసను మార్చి మార్చి చూస్తున్నాడు. “జానెడు ఖాళీ ఉందమ్మా. కొలిచి కట్టినారు” అన్నాడు. ఎత్తు 5 మీటర్లు దాటకూడదనే లెక్క ఉంది కాబట్టే ఈ బొమ్మలు పైకి పోకుండా పక్కలకు పెరిగాయి.

మర్నాడు పొద్దున ‘వా రస్సె’కు వెళ్ళాం. నా సలహా ఇదే: పండుగకు వెళ్ళేవాళ్ళు ముందు రాత్రి వీధిలో చూసి, తర్వాతే మ్యూజియంకు వెళ్ళండి. రాత్రి ఒంటికి పట్టిన ఊపు ఇంకా ఉండగా వెళ్తే, లోపల నిలబడి ఉన్న బొమ్మలు కూడా కదులుతున్నట్టే ఉంటాయి. పండుగ అయ్యాక కొత్త బొమ్మలను లోపలికి మార్చడానికి ఆగస్టు 9, 10 తేదీల్లో మూసేస్తారు, అది చూసుకోండి.

నాన్న అక్కడ ఎక్కువసేపు నిలబడింది నాలుగు పెద్ద బొమ్మల దగ్గర కాదు, తయారీ చూపించే చోట. తీగల చట్రం, లోపల బల్బులు, సగం కాగితం అతికించిన ముక్క, రంగు వేసిన ముక్క వరసగా చూడొచ్చు. ముందు నల్ల సిరాతో గీతలు గీస్తారు. తర్వాత కరిగించిన మైనం పూస్తారు. మైనం పూసిన చోట రంగు పాకదు, వెలుతురు బాగా బయటికి వస్తుంది. కవచం మీద చుక్కలు, అలల నురగ మెరుస్తూ కనిపించేది ఆ మైనం వల్లే. ఆ తర్వాత రంగులు. పాతకాలంలో వెదురు చట్రం, లోపల కొవ్వొత్తులు. ఇప్పుడు బండి అడుగున జనరేటర్ పెట్టి వందల బల్బులు వెలిగిస్తారు. కొన్నిటిలో ఎల్‌ఈడీలు కూడా వచ్చాయి. కాగితం బొమ్మ కడుపులో ఇన్ని బల్బులు, ఇంత వైరింగ్, పైగా బండి ఊగుతుంటుంది, వాన పడొచ్చు. నాన్న ఆ వైరు ఎక్కడెక్కడ కట్టారో వంగి వంగి చూశాడు. “జాయింట్లు సర్దిన తీరు చూడు. పని తెలిసినోడు” అన్నాడు. ఆయన నోట ఇంకొకరి వైరింగ్ గురించి మంచి మాట వినడం నాకు అదే మొదటిసారి.

నెబుతా కట్టే కళాకారులను ‘నెబుతాషి’ అంటారు. వాళ్ళలో పేరు మోసిన గురువుల గురించి కూడా ఇక్కడ చెబుతారు. చాలాకాలం అందరూ మగవాళ్ళే. 2012లో కితామురా అసాకో మొదటి మహిళా నెబుతాషిగా పెద్ద నెబుతా కట్టింది. ఆమె తండ్రి కితామురా తకాషి కూడా నెబుతా గురువే. నాకు ఈ సంగతి చాలా ఇష్టం.

తిండి గురించి రెండు మాటలు. మ్యూజియం పక్కనే ‘ఎ-ఫ్యాక్టరీ’ అనే చోట యాపిల్ రసాలు, యాపిల్ తీపి వంటకాలు బాగుంటాయి. శాకాహారులు మాత్రం సూపుల్లో చేపల రసం ఉంటుందని గుర్తుంచుకోండి. నేను పులిహోర కట్టుకెళ్ళాను, రెండు పూటలు గడిచాయి. హోటళ్ళు పండుగ వారంలో మామూలు ధరకు దొరకవు. మేం దిగిన ఒకచోట ముగ్గురికని చెప్పి ఇద్దరి గదే ఇచ్చారు, మా ఆయన నేల మీద పడుకున్నాడు. నెలల ముందే బుక్ చేసి, వెళ్ళేముందు ఇంకోసారి ఫోన్ చేసి కనుక్కోవడం మంచిది.

ఆ మధ్యాహ్నమే రెండో మ్యూజియం ఉన్న గోషోగవారా అనే ఊరికి రైల్లో బయల్దేరాం. కవాబేలో మారి గోనో లైను ఎక్కాలి. కిటికీకి రెండు వైపులా యాపిల్ తోటలు. కవాబే తర్వాతి స్టేషన్ ఫుజిసాకి. మన సూపర్ మార్కెట్లలో స్టిక్కర్ అంటించి అమ్మే ‘ఫుజీ’ యాపిల్‌ను పుట్టించింది ఈ ఊళ్ళోనే. ఫుజీ కొండ పేరే అనుకుంటాం గానీ అందులో ఈ ఊరి పేరు కూడా ఉంది. నాన్నకు చెబితే కిటికీలోంచి ఒక ఫోటో తీసుకున్నాడు.

గోషోగవారాలో ‘తాచినెపుతా’ మ్యూజియం స్టేషన్ నుంచి ఐదు నిమిషాల నడక. తాచి అంటే నిలబడిన అని అర్థం, నెపుతా అంటే నెబుతానే. ఇక్కడి బొమ్మలు పక్కలకు కాదు, నిలువుగా పెరుగుతాయి. దాదాపు 23 మీటర్లు! అంటే ఏడంతస్తుల ఎత్తు, 19 టన్నుల బరువు. అలాంటివి మూడు ఒకే హాలులో నిలబడి ఉంటాయి. లిఫ్టులో పైకి వెళ్ళి, వాటి చుట్టూ తిరిగే ఏటవాలు దారిలో నెమ్మదిగా దిగుతూ చూస్తాం. ముందు ముఖం, తర్వాత భుజం, నడుం, చివరికి పాదాలు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు కూడా ఇబ్బంది లేదు, మెట్లు ఎక్కే పనే లేదు. టికెట్టు ‘వా రస్సె’కు అటూ ఇటూగానే. రెంటిలో ఒక్కటే చూసే వీలుంటే నేను ఇక్కడికే వెళ్ళమంటాను.

ఎందుకంటే ఈ బొమ్మల వెనక ఉన్న కథ. మెయిజీ కాలంలో (1868–1912) ఇక్కడి ధనవంతులు పోటీపడి ఇంత ఎత్తు బొమ్మలు కట్టించేవారు. తర్వాత ఊరికి కరెంటు వచ్చింది. వీధులకు అడ్డంగా తీగలు పడ్డాయి. తీగల కింద నుంచి పోవాలి కాబట్టి బొమ్మలు పొట్టివైపోయాయి. ఎత్తైనవి కనిపించకుండా పోయాయి. 1993లో పాత నమూనా కాగితం ఒకటి బయటపడింది. దాన్ని పట్టుకొని ఊరివాళ్ళు 1996లో మళ్ళీ ఒకటి కట్టి ఇవాకి నది ఒడ్డున నిలబెట్టారు. 1998 నుంచి ఊళ్ళో ఊరేగింపు మొదలైంది. దానికోసం ఊరేగింపు దారిలో కరెంటు తీగలన్నీ భూమిలోకి దింపారు.

నేను ఇది చదివి చెబుతుంటే నాన్న మధ్యలో ఆపి, “ఇంకోసారి చెప్పు” అన్నాడు. చెప్పాను. “బొమ్మ కోసం లైనే మార్చినారా?” అన్నాడు. కేబుల్ ఎంత లోతులో వేశారు, మంచు కరిగి నీళ్ళు చేరితే ఎట్లా అని అడిగాడు. నాకు తెలియదు నాన్నా అన్నాను.

సాయంత్రం మ్యూజియం గోడ వైపున్న ఎత్తైన తలుపులు తెరుచుకున్నాయి. 23 మీటర్ల బొమ్మ, లోపలి దీపాలన్నీ వెలుగుతుండగా, మనుషులు లాగుతుంటే మెల్లగా వీధిలోకి వచ్చింది. “యత్తెమరె, యత్తెమరె” అని కేకలు. రెండంతస్తుల ఇళ్ళన్నీ దాని మోకాళ్ళ దగ్గర ఆగిపోయాయి. నాన్న అలవాటు కొద్దీ పైకి చూశాడు. అక్కడ ఆకాశమే ఉంది. బొమ్మ మలుపు తిరిగేదాకా అలాగే చూస్తూ నిలబడ్డాడు. నిన్న రాత్రి దొరికిన గజ్జె చొక్కా జేబులోంచి తీసి చేతిలో పట్టుకొని ఉన్నాడు.

గోషోగవారా పండుగ ఆగస్టు 4 నుంచి 8 దాకా జరుగుతుంది, కాబట్టి అవొమోరితో కలిపి రెండు రాత్రుల్లో రెండూ చూడొచ్చు. టోక్యో నుంచి హయాబుసా అనే షింకన్‌సెన్ (బుల్లెట్ రైలు)లో షిన్-అవొమోరికి మూడు గంటల పైచిలుకు, అక్కడి నుంచి అవొమోరికి ఒక్క స్టేషన్. గోనో లైనులో రైళ్ళు తక్కువ. తిరుగు రైలు టైము చూసుకున్నాకే ఊరేగింపులో నిలబడండి. మేం చివరి బొమ్మ చూడకుండానే స్టేషన్‌కు పరిగెత్తాల్సి వచ్చింది. నాన్న మాత్రం దారి పొడవునా వెనక్కి తిరిగి చూస్తూనే వచ్చాడు.