ఆటోనగర్‌లో కొలిచి పనిచేసే లేత్ షాపు

పాత కారుని ఇంట్లోనే విప్పి బిగించుకునే అలవాటున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. కార్బ్యురేటర్ కడగడం, టాపెట్లు సెట్ చేయడం, బ్రేక్ షూలు మార్చడం, టైమింగ్ బెల్టు వేయడం లాంటివి పోర్టికోలో కూర్చుని చేసుకోవచ్చు. హెడ్ అంటే సిలిండర్ల పైన మూతలా కూర్చునే లోహపు దిమ్మ. దాని ముఖం చదును చేసే ఫేసింగ్, వాల్వులు మూసుకున్నప్పుడు ఆనే సీట్ల కటింగ్, వాల్వులు కదిలే గైడ్లు మార్చడం, లోపల విరిగిపోయిన స్టడ్డు (తల లేని బోల్టు) తీయడం మాత్రం ఇంట్లో అయ్యే పనులు కావు. వాటిని ఎవరి చేతిలో పెడుతున్నామో చూసుకోవాలి. అక్కడ తేడా వస్తే మనం ఎంత శ్రద్ధగా బిగించినా కారు మళ్లీ నీళ్లు తాగడం మొదలుపెడుతుంది. గాజువాక ఆటోనగర్‌లో నాకొక షాపు దొరికింది. విశాఖలో ఈ పనికి ఇక నేను వేరే చోటికి వెళ్లను.

షాపుకి బోర్డు లేదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫానుకి రేకులతో పాటు బోర్డు కూడా ఎగిరిపోయిందట. రేకులు వేయించారు గానీ బోర్డు మళ్లీ పెట్టలేదు. లారీల కమాన్ కట్టలు సరిచేసే వీధిలోకి వెళ్లి, షిప్‌యార్డులో పనిచేసిన మేస్త్రి గారి లేత్ ఎక్కడ అని అడిగితే ఎవరైనా చూపిస్తారు. లోపల రెండు లేత్‌లు, ఒక మిల్లింగ్ మెషిను, ఒక సర్ఫేస్ గ్రైండరు, గోడవారగా గుడ్డ కప్పి ఉంచిన సర్ఫేస్ ప్లేటు. ఆ గుడ్డ చూడగానే నాకు సగం నమ్మకం కలిగింది. కొలతలకి ఆధారమైన ప్లేటు మీద పొట్టు పడనివ్వని మనిషి, పని కూడా అలాగే చేస్తాడు. 1948లో నెహ్రూ గారి చేతుల మీదుగా ‘జల ఉష’ ఓడ నీళ్లలోకి దిగిన ఊరు మనది. షిప్‌యార్డు, డాక్‌యార్డు, బీహెచ్‌పీవీ (భారత్ హెవీ ప్లేట్ అండ్ వెసెల్స్), స్టీల్ ప్లాంటు కలిసి ఈ ఊరికి ఎంతమంది టర్నర్లని తయారుచేసి ఇచ్చాయో! వాళ్లలో ఒకరు మన చిన్న కార్ల హెడ్ల పని కూడా చేస్తారంటే నాకు నిజంగా సంతోషం.

మాది 1997 మారుతి 800. కార్బ్యురేటర్ మోడల్, 796 సీసీ, మూడు సిలిండర్లు. మా నాన్నగారు కొన్నది. నేను కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను, సెలవు రోజుల్లో గోపాలపట్నంలో మా ఇంటి పోర్టికోలో ఈ కారు పని చూసుకుంటాను. ఏళ్ల తరబడి రేడియేటర్లో బోరు నీళ్లే పోస్తూ రావడంతో లోపల తెల్లగా గార కట్టి సగం గొట్టాలు పూడిపోయాయి. భీమిలి నుంచి వస్తుండగా హీట్ ఎక్కి ఆగిపోయింది. ఆ తర్వాత పొద్దున్నే స్టార్ట్ చేస్తే తెల్ల పొగ, రేడియేటర్ మూత తీస్తే బుడగలు, ఆయిల్ మూత లోపల పాలెక్కువైన కాఫీ రంగులో నురగ. హెడ్డుకీ దాని కింద సిలిండర్లుండే బ్లాకుకీ మధ్య సీలుగా ఉండే హెడ్ గాస్కెట్ పోయిందని ఇక వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. హెడ్ విప్పి, శుభ్రం చేసి, స్ట్రెయిట్ ఎడ్జ్ ఆనించి ఫీలర్ గేజ్ పెట్టి చూశాను. 0.10 మిల్లీమీటర్ల రేకు 2, 3 సిలిండర్ల మధ్య నుంచి సులువుగా దూరింది. ఇక్కడ 0.05 దాటితే పనికిరాదు.

ఇది ఎందుకు వంగుతుందో తెలిస్తే ఆ షాపు గొప్పతనం కూడా అర్థమవుతుంది. హెడ్ అల్యూమినియం, దాన్ని పట్టుకున్న బోల్టులు ఉక్కు. ఒక్కో డిగ్రీకి అల్యూమినియం తన పొడవులో పది లక్షల వంతుల్లో 23 వంతులు పెరుగుతుంది, ఉక్కు 11, 12 వంతులు మాత్రమే. 30 సెంటీమీటర్ల ముక్క 80 డిగ్రీలు వేడెక్కితే అల్యూమినియం అర మిల్లీమీటరు పైనే సాగుతుంది, ఉక్కు అందులో సగం. మామూలు వేడికి ఆ తేడాని ఇంజను తట్టుకుంటుంది. నీళ్లు లేక హద్దు దాటి కాగినప్పుడు, బోల్టులు గట్టిగా పట్టి ఉండటంతో సాగడానికి దారి లేక హెడ్ వంగుతుంది. చల్లారాక కూడా ఆ వంపు పోదు. దాన్ని చదును చేయడమే ఫేసింగ్. మెషిను ఉన్నవాళ్లెవరైనా ఫేసింగ్ పడతారు. ఎంత తీయాలి, ఎక్కడ ఆగాలి అన్న దగ్గరే తేడా అంతా.

మేస్త్రి గారు నా హెడ్ తీసుకుని వెంటనే మెషిను మీదకి ఎక్కించలేదు. సర్ఫేస్ ప్లేటు మీద పెట్టి డయల్ గేజ్ ఒక చివర నుంచి ఇంకో చివరకి నడిపించారు. ముల్లు కదలడం నన్ను కూడా వంగి చూడమన్నారు. వంపు 5 థౌ ఉంది. వీళ్ల లెక్కలన్నీ అంగుళంలో వెయ్యో వంతుల్లో ఉంటాయి, ఒక థౌ అంటే 0.0254 మిల్లీమీటర్లు. అంటే నేను ఇంట్లో చూసిన దానికంటే కాస్త ఎక్కువే. తర్వాత హెడ్ ఎత్తుని రెండు చివర్లా కొలిచి నా వైపు చూశారు.

“ఏటమ్మా ఇది, దీనికి ముందు ఫేసింగ్ ఎవులు పట్టారు? ఇటు పల్లం, అటు మెరక.”

నాన్నగారి హయాంలో ఒకసారి ఊళ్లో వేరే చోట పట్టించారు. ఆ పని వాలుగా జరిగింది. బెల్టు వైపు చివర 8 థౌ, అంటే 0.2 మిల్లీమీటర్లు, ఎక్కువ కోసేశారు. ఎవరూ కొలిచి చూడలేదు, ఎంత తీశారో చెప్పలేదు. అన్నేళ్లు కారు అలాగే తిరిగింది. ఆ చేసినవాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపమే, ఎందుకంటే ఒకసారి కోసిన లోహం తిరిగి రాదు.

ఇక్కడ మేస్త్రి గారు తీసుకున్న నిర్ణయం వల్లే ఈ సమీక్ష రాస్తున్నాను. ఆ వాలుని కూడా సరిచేయాలంటే రెండో చివర ఇంకో 8 థౌ పోతుంది. అలా చేసి నీట్‌గా ఉందమ్మా అని ఇచ్చినా నాకు తెలిసేది కాదు, డబ్బులూ అవే. ఆయన ఒప్పుకోలేదు. “వాలు ఉంటే ఉండనీయమ్మా, బ్లాకు మీద ముఖం ఆనితే చాలు. ఉన్న మందం దాచుకో, రేపు మళ్లీ అవసరం పడొచ్చు,” అన్నారు. వాలుకి తగ్గట్టే హెడ్డుని బిగించి, వంపు పోయేంత వరకు 6 థౌ మాత్రమే తీశారు. ఇంటికొచ్చి లెక్క వేసుకున్నాను. ఈ ఇంజను బోరు, అంటే సిలిండరు వ్యాసం, 68.5 మిల్లీమీటర్లు. ఇప్పుడు తీసిన 0.15 మిల్లీమీటర్లకి ఒక్కో సిలిండర్లో తగ్గే ఖాళీ 0.6 సీసీకి మించదు. కంప్రెషన్ గురించి టెన్షన్ పడాల్సినంత కాదు. కానీ తీసిన కొద్దీ వాల్వుల్ని తెరిచే క్యామ్ షాఫ్టు కిందకి దిగుతుంది, బెల్టు టైమింగ్ కొంచెం వెనక్కి జరుగుతుంది, ముందుముందు కోయడానికి మందం మిగలదు. కాబట్టి ఆయన దాచిన 8 థౌ నా కారుకి దాచిన ఆయుష్షే. తీసిన కొలతని తేదీతో సహా హెడ్ పక్కన అక్షరాల పంచ్‌తో కొట్టి మరీ ఇచ్చారు. రేపు ఈ హెడ్ ఎవరి చేతికి వెళ్లినా వాళ్లకి లెక్క తెలుస్తుంది. ఇలా కొట్టి ఇచ్చే షాపు నేను ఇంకోటి చూడలేదు.

ఫేసింగ్‌కి ముందే ప్రెషర్ టెస్టు కూడా చేశారు. నీటి దారులన్నీ రబ్బరు, ఇనప పట్టీలతో మూసి, గాలి ఎక్కించి, తొట్టిలో ముంచి బుడగలు వస్తున్నాయా అని చూడటం. పగులుంటే ఫేసింగ్ డబ్బులు దండగ కాబట్టి ఇది ముందే చేయాలి. ఆరు వాల్వుల్లో ఎగ్జాస్ట్‌వి రెండు మార్చమన్నారు, మిగతావి నూరి వాడుకోమన్నారు. సీట్లు కట్ చేసి, ముందు మోటు పేస్టు, తర్వాత సన్న పేస్టు పెట్టి వాల్వుని సీటు మీద నూరే ల్యాపింగ్ పట్టాక, వాల్వులు బిగించి పోర్టుల్లో కిరోసిన్ పోసి బల్ల మీద వదిలేశారు. టీ తాగి వచ్చి చూస్తే సీటు అంచున చెమ్మ కూడా లేదు. ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ స్టడ్డు ఒకటి హెడ్ లోపలికి విరిగి ఉంది. సముద్రం గాలికి తుప్పు పట్టిన స్టడ్లు మన ఊళ్లో ఇలాగే విరుగుతాయి. విరిగిన ముక్క మీద నట్టు పెట్టి, నట్టు లోపల వెల్డింగ్ పోసి, చల్లారుతుండగా రెంచితో తిప్పితే బయటికి వచ్చేసింది. ఉక్కుకి వేసే వెల్డింగ్ అల్యూమినియానికి అంటుకోదు కాబట్టి హెడ్డుకి దెబ్బ తగలదు. డ్రిల్లు పెట్టి ఉంటే మెత్తటి అల్యూమినియం వైపు జారి మర అంతా పాడయ్యేది.

నేను వెళ్లిన రోజు పక్క బల్ల మీద ఒక అంబాసిడర్ హెడ్ ఉంది. 1489 సీసీ పెట్రోలు ఇంజనుది, పోత ఇనుము, ఎత్తాలంటే ఇద్దరు కావాలి. దాని సీట్లు విడిగా రింగులు కావు, హెడ్ లోహంలోనే కోసినవి. పూర్వం పెట్రోల్లో ఉన్న సీసం ఆ సీట్ల మీద పొరగా ఉండి అరుగుదలని ఆపేది. 2000 నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే. అందుకని ఎగ్జాస్ట్ సీట్లు అరిగి వాల్వులు లోపలికి దిగిపోతాయి. మేస్త్రి గారు ఆ చోటు తొలిచి గట్టి ఉక్కు రింగులు దిగగొడుతున్నారు. అంబాసిడర్ ఉంచుకున్నవాళ్లు ఈ ఒక్క పని కోసమైనా ఇక్కడికి రావచ్చు.

మోడిఫికేషన్ కోసం కూడా కుర్రాళ్లు వస్తుంటారు. 800లో మారుతి జెన్ 993 సీసీ ఇంజను పెట్టుకోవడానికి మౌంటింగులు చేసిపెట్టమని ఒకతను అడుగుతుండగా విన్నాను. ఆర్టీఓ అనుమతి కాగితం తెచ్చుకోమని పంపేశారు. ఆయన మాట సరైనదే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇంజను మార్చాలంటే ముందు అనుమతి కావాలి, లేకపోతే రేపు ఏదైనా జరిగినప్పుడు ఇన్సూరెన్సు దగ్గర ఇబ్బంది.

నాకు అయిన ఖర్చు: ఫేసింగ్‌కి 900, సీట్లు కటింగ్, ల్యాపింగ్ కలిపి 1,200, ప్రెషర్ టెస్టుకి 400, స్టడ్డుకి 300. వాల్వులు, గాస్కెట్ సెట్టు నేనే కొని తీసుకెళ్లాను. బయట అడిగితే ఫేసింగ్ ఇంతకంటే తక్కువకీ చేస్తారు, కానీ కొలిచి చూపించరు.

ఇబ్బందులు ఉన్నాయి. లారీ, బస్సు పనులకే మొదటి వరస. రోజూ తిరిగితేనే డబ్బులొచ్చే బండి ఆగకూడదంటారు, అది న్యాయమే గానీ మన చిన్న హెడ్ రెండు మూడు వారాలు ఆ మూల ఉండిపోవచ్చు. అర్జెంటు అంటే ఇక్కడికి వెళ్లొద్దు. మెషిను నడుస్తుంటే ఫోన్ ఎత్తరు. ఎస్టిమేట్ కాగితం మీద ఇవ్వరు, నోటి మాటే, అయితే చెప్పిన దానికి రూపాయి మారలేదు. ఆడవాళ్లు కూర్చోవడానికి చోటంటూ ఏమీ లేదు, కానీ నన్ను ఒక్కసారి కూడా మీ మెకానిక్‌ని పంపండి అనలేదు. ఏది అడిగినా పని ఆపి చెప్పారు. నాకు అది చాలా పెద్ద విషయం. కడిగి ఇస్తారు గానీ ఆయిల్ రంధ్రాల్లో సన్న పొట్టు మిగిలే ఉంటుంది, ఇంటికొచ్చాక కిరోసిన్‌తో కడిగి గాలి పట్టించుకోవాలి. క్రాంక్ గ్రైండింగ్ ఇక్కడ చేయరు.

కొత్త గాస్కెట్ వేసి, బోల్టుల్ని మధ్య నుంచి బయటికి, విడతలుగా, టార్క్ రెంచితో బిగించాను. రేడియేటర్ విప్పించి గొట్టాలు కడిగించి, బోరు నీళ్లకి బదులు కూలెంట్ పోశాను. పెట్రోలు పైపులు కూడా అప్పుడే మార్చేశాను, ఎందుకంటే ఇప్పుడొస్తున్న 20 శాతం ఇథనాల్ పెట్రోలుకి ఆ కాలం నాటి రబ్బరు ఉబ్బి చీలుతుంది. మొదటి పెద్ద పరీక్ష సింహాచలం ఘాట్. ఎండలో, నలుగురం ఎక్కి, రెండో గేరులో కొండ ఎక్కాం. హీట్ మీటరు ముల్లు సగం దాటలేదు. ఇప్పటికి ఒక ఎండాకాలం గడిచింది, ఆయిల్ మూత లోపల నురగ లేదు, నీళ్లు తగ్గలేదు.

ఇంత పాత కారుకి ఇంత ఎందుకని బంధువులు అడుగుతారు. 20 ఏళ్లు దాటిన కారుకి రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు ఇప్పుడు 10,000 అయింది కదా అని గుర్తు కూడా చేస్తారు. 2027లో అదీ కడతాను. ఈ ఇంజను ఇంకా నడుస్తుంది.

వెళ్లేవాళ్లు క్యామ్ షాఫ్టు, రాకర్లు ఇంట్లోనే విప్పి ఉత్త హెడ్ పట్టుకెళ్లండి. కొత్త గాస్కెట్ కూడా వెంట ఉంచుకోండి, నీటి రంధ్రాలు సరిపోతున్నాయా అని ఆయన హెడ్ మీద పెట్టి చూస్తారు. బ్లాకు ముఖం కూడా స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి చూసుకుని వెళ్లండి, అడుగుతారు. ఉదయం పది లోపు వెళితే మాట్లాడే తీరిక ఉంటుంది. ఆదివారం సెలవు.