పెంచలయ్య కొడుకు ఊరికి, గొలగమూడి నిద్రకి: రెండున్నర రోజుల ప్రయాణం

నెల్లూరు దగ్గర గొలగమూడిలో, వెంకయ్యస్వామి సమాధి ఉన్న చోట, శనివారం నిద్ర చేస్తానన్న (అంటే రాత్రి అక్కడే పడుకుంటానన్న) మొక్కు మా అమ్మకి మూడేళ్లుగా బాకీ ఉంది. నాకు మొక్కులేమీ లేవు గానీ వేరే దురద ఒకటుంది. ఏ స్వామి గురించి విన్నా ఆయన మహిమల కంటే ముందు ఆయన పుట్టిన ఊరు ఎట్లా ఉంటుంది, ఇంట్లో వాళ్లు ఏం పని చేసేవాళ్లు, చిన్నప్పుడు ఆ పిల్లాడి చెవిన ఏం పడి ఉంటుంది అన్నది తెలుసుకోవాలనిపిస్తుంది. అందుకని అమ్మ మొక్కుకి నా దురద కూడా కలిపి ఫిబ్రవరిలో ఒక శుక్రవారం పొద్దున ఒంగోలులో పినాకిని రైలు ఎక్కాం.

నెల్లూరులో లాడ్జి సంగతి ముందే చెప్పేస్తే ఒక పనైపోతుంది. ఫోన్‌లో ఫొటోలు చూసి బుక్ చేశాను, స్టేషన్‌కి దగ్గర అని. దగ్గరే, కాదనను. గీజరు పని చేయలేదు, దుప్పటి మార్చమంటే మధ్యాహ్నం దాకా మార్చలేదు, పైగా రాత్రి పన్నెండుకి కింద ఎవరి పెళ్లి బ్యాండో. పేరు చెప్పను, అడగకండి. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు గది చూసుకున్నాకే డబ్బు కట్టండి, అంతే.

ఆ సాయంత్రం జొన్నవాడ వెళ్లాం. పెన్న ఒడ్డున కామాక్షమ్మ గుడి, నెల్లూరు నుంచి ఆటోలో కూడా పోవచ్చు. ఇక్కడ దర్శనం ఒక ఎత్తు అయితే, గుడిలో రాత్రిళ్లు నిద్ర చేసేవాళ్లు ఇంకో ఎత్తు. మనసు బాగాలేని వాళ్లని, గాలి సోకిందనుకున్న వాళ్లని ఇంటివాళ్లు తీసుకొచ్చి అమ్మవారి దగ్గర పడుకోబెడతారు. చాప, చెంబు, మూట పట్టుకుని వచ్చిన కుటుంబాలని చూస్తుంటే నాకు ఒకటి తట్టింది. ఈ ప్రాంతంలో పిచ్చి అనేది ఇంట్లో దాచిపెట్టే విషయం మాత్రమే కాదు, గుడిలో దానికీ ఒక చోటుంది. మర్నాడు చూసినవన్నీ ఆ మాట దగ్గరికే వచ్చి ఆగాయి, అందుకే ముందుగా రాస్తున్నాను.

శనివారం తెల్లవారుజామున కారు మాట్లాడుకున్నాం, రోజంతా తిప్పి రాత్రికి గొలగమూడిలో దింపేటట్టు మూడు వేల ఐదు వందలు. బేరం ఆడితే ఇంకో రెండు మూడు వందలు తగ్గేదేమో గానీ డ్రైవరు మంచి కుర్రాడు, అమ్మని ఎక్కడా తొందర పెట్టలేదు. మొదట పొదలకూరు మీదుగా చేజర్ల మండలం నాగులవెల్లటూరు. వెంకయ్యస్వామి పుట్టింది అక్కడే. పొదలకూరు దాటుతుంటే నిమ్మతోటలు, కారు అద్దం దించితే ఆ వాసన. తర్వాత వరి, అప్పుడప్పుడే గింజ ముదురుతున్న వరి, మధ్యలో బర్రెలు, గట్ల మీద కొంగలు. “ఆ స్వామి ఊరికా అన్నా? అందరూ గొలగమూడికే పోతారు, ఇక్కడికి వచ్చేవాళ్లు తక్కువే” అన్నాడు డ్రైవరు.

నాకైతే ఈ రెండున్నర రోజుల్లో బాగా నచ్చిన చోటు ఇదే. చూడ్డానికి ఏముందంటే చెప్పలేను. మామూలు పల్లె. వీధరుగు మీద ఇద్దరు ముసలివాళ్లు, ఎండకి ఆరేసిన మిరపకాయలు. వెంకయ్య తల్లి పిచ్చమ్మ, తండ్రి సోంపల్లి పెంచలయ్య, వ్యవసాయం చేసుకునే ఇల్లు. బడి చదువు లేదు. వయసొచ్చిన కుర్రాడు ఒక్కసారిగా మనిషి మారిపోయి ఇల్లు వదిలి కొండలూ అడవులూ పట్టి తిరిగితే ఊరు ‘పిచ్చి వెంకయ్య’ అంది. అరుగు మీద పెద్దాయన్ని మా అమ్మ ఊరికే పలకరించింది, “ఏం నాయనా, ఇక్కడేనా స్వామి తిరిగింది?” అని. ఆయన నవ్వి “ఇక్కడే తిరిగింది, ఇక్కడే పిచ్చోడని అనిపించుకునింది. ఇప్పుడు మేం ఆ ఊరోళ్లమని చెప్పుకుంటా ఉండాం” అన్నాడు. దానికి నేనేం కలపను.

అక్కడి నుంచి రాపూరు వైపు, పెంచలకోన. తండ్రి పేరు పెంచలయ్య అన్నానా, నెల్లూరు జిల్లాలో పెంచలయ్యలు, పెంచలమ్మలు ప్రతి ఊర్లోనూ ఉంటారు, మా ఆఫీసులోనే ఇద్దరున్నారు. ఆ పేర్లన్నీ ఈ కోనలోని పెనుశిల లక్ష్మీనరసింహస్వామివే. వెలిగొండల్లో అడవి మధ్య గుడి. ఇక్కడి నరసింహుడు చెంచులక్ష్మిని పెళ్లాడిన స్వామి. అంటే ఇంటి ఇలవేల్పే కొండకోనల్లో ఉండే దేవుడు, అడవిపిల్ల మొగుడు! అలాంటి పేరు పెట్టుకున్న తండ్రికి పుట్టిన పిల్లాడికి దేవుడంటే అడవిలో ఉంటాడన్న సంగతి వేరే ఎవరూ నేర్పక్కర్లేదు అనిపించింది నాకు. స్వామి ఆ తర్వాత ఏళ్ల తరబడి ఇలాంటి కోనల్లోనే తిరిగాడంటారు. ఇది నా ఊహే, ఒప్పుకుంటాను, కానీ ఇక్కడికి వచ్చి ఆ గాలి పీల్చాక కాదనబుద్ధి కాలేదు. కోతులు ఎక్కువ, చేతిలో కొబ్బరిచిప్ప కనపడనివ్వకండి. మేం అక్కడ బస చేయలేదు, పొద్దు వాలకముందే బయల్దేరాం.

ఇక గొలగమూడి. వెంకటాచలం మండలం, నెల్లూరుకి దగ్గరే, బస్సులూ ఆటోలూ దొరుకుతాయి. స్వామి 1982 ఆగస్టు 24న ఇక్కడే సమాధి అయ్యారు, ఏటా ఆ రోజుల్లో ఆరాధన జరుగుతుంది, ఆ వారం వెళ్లాలనుకుంటే జనానికి సిద్ధపడి వెళ్లండి. శనివారాలు ఎలాగూ రద్దీయే. అన్నదానంలో మామూలు భోజనం, సాంబారు, ఒక కూర, మజ్జిగ. అమ్మ రెండోసారి సాంబారు అడిగి పోయించుకుంది, ఇంట్లో అయితే ఎప్పుడూ అడగదు.

గది తీసుకుందామంటే అమ్మ ఒప్పుకోలేదు. “నిద్రంటే నేల మీద చెయ్యాల నాయనా, ఏసీలో చేసేదాన్ని నిద్రంటారా” అంది. సరేనని చాప పరిచాం. చుట్టూ వందల మంది, పసిపిల్లలు, దగ్గులు, ‘ఓం నారాయణ ఆదినారాయణ’ అని నామం ఆగకుండా. దోమల మందు రాసుకోకపోతే తెల్లారేదాకా చప్పట్లే. నేను రెండు గంటలు పడుకున్నానేమో. అమ్మ హాయిగా గురక పెట్టింది.

నిద్ర పట్టక కూర్చుని ఆలోచించినవి కొన్ని రాస్తాను. స్వామికి రాయడం రాదు, అడిగినవాళ్లకి ఆయన మాటలు పక్కనున్నవాళ్లు చీటీ మీద రాస్తే దాని మీద వేలిముద్ర వేసి ఇచ్చేవారు. ఆ చీటీలు ఇప్పటికీ కొన్ని ఇళ్లలో పటం కట్టి ఉంటాయి. అది మొదటిసారి విన్నప్పుడు వింతగా అనిపించింది. ఇప్పుడు కాదు. మా తాత ప్రోనోటు మీద వేలిముద్ర వేయడం నేను చిన్నప్పుడు కళ్లారా చూశాను, సిరా డబ్బీలో వేలు ముంచి, కాయితం మీద అదిమి, తర్వాత తలకి తుడుచుకునేవాడు. చదువు రాని రైతుకి తన మాట తప్పను అని చెప్పే ఒకే ఒక్క సంతకం అది. పల్లెలో పుట్టిన మనిషి దేవుడి మాటకి హామీ ఇవ్వాలంటే ఇంకెలా ఇస్తాడు? ‘పావలా దొంగిలిస్తే పది రూపాయల నష్టం’ అన్నది భక్తుల నోట తరచూ వినపడే ఆయన మాట. కర్మ గురించి సంస్కృతంలో శ్లోకాలున్నాయి, ఇది మాత్రం వడ్డీ లెక్క తెలిసిన వాళ్ల భాష. గొలగమూడిలోని అగ్నిగుండంలో నిప్పు చూసినా నాకు పొలం కాపలా మంటలే గుర్తొచ్చాయి.

దీనికి పూర్తిగా అటు చివర మనిషి ఎక్కిరాల భరద్వాజ గారు. 1938లో బాపట్లలో పండితుల ఇంట్లో పుట్టారు. అన్నగారు ఎక్కిరాల కృష్ణమాచార్య కూడా పెద్ద పండితుడు, గురువు. భరద్వాజ గారు ఇంగ్లీషు చదువుకుని విద్యానగర్ కాలేజీలో పాఠాలు చెప్పారు, శిరిడీ సాయిబాబా చరిత్రని తెలుగు ఇళ్లలోకి తెచ్చారు, చివరికి 1989లో మా ఒంగోలులోనే కన్నుమూశారు. పుస్తకాల మధ్య పెరిగిన మనిషి కాబట్టి దేనికైనా ఆధారం ఏది, చూసినవాళ్లు ఎవరు అని అడిగి రాసుకునే అలవాటు ఆయనది. అట్లాంటి భరద్వాజ గారు ఈ వేలిముద్ర స్వామి దగ్గరికి వచ్చి, వెంకయ్యస్వామి చరిత్ర కూడా రాశారు. ఒకరు పుట్టిన ఇంటి నుంచి కాయితం కలం తెచ్చుకున్నారు, ఇంకొకరు బొటనవేలు తెచ్చుకున్నారు. ఒకే గురువు పదవిలో ఇద్దరూ కూర్చున్నారు గానీ పుట్టిన ఇల్లు ఇద్దరి మాటల్లోంచీ చివరిదాకా పోలేదు. ఇంట్లో చెబితే మా పెద్దమ్మ కొడుకు ఒప్పుకోడు, జ్ఞానం వచ్చాక ఊరేంటి, ఇల్లేంటి అంటాడు. వాడు నాగులవెల్లటూరు చూడలేదు.

ఆదివారం పొద్దున గొలగమూడి నుంచి కసుమూరు దర్గాకి పోయాం, మస్తాన్ వలీ దర్గా, అదే మండలం. టోపీ పెట్టుకున్నవాళ్లు ఎంతమందో, బొట్టు పెట్టుకున్నవాళ్లు అంతమంది. అక్కడా రాత్రి నిద్రకి వచ్చిన కుటుంబాలు మూటలు సర్దుకుంటున్నాయి. జొన్నవాడలో చూసిన మూటలే. అమ్మ తలమీద కొంగు కప్పుకుని సాంబ్రాణి పొగ పట్టించుకుంది, ఎందుకమ్మా అంటే “పొగకి కులమేంది” అని నన్నే కసిరింది.

మధ్యాహ్నం నెల్లూరులో భోంచేసి, మలై కాజాలు అరకిలో కట్టించుకుని బస్సెక్కాం. మళ్లీ వెళ్తే లాడ్జి జోలికి పోను, ఆ డబ్బుతో కారు ఇంకో పూట పెట్టుకుంటా. జొన్నవాడ శుక్రవారం కాకుండా మామూలు రోజు చూస్తా. నాగులవెల్లటూరికి మాత్రం పొద్దున కాదు, బర్రెలు ఇంటికొచ్చే వేళకి పోవాలి, ఆ అరుగు మీద పెద్దాయన ఇంకా ఏదో చెప్పబోతుంటే కారు హారన్ కొట్టించింది నేనే.